థార్‌కు సొంత గాలి: కంప్రెసర్ బిగింపు డైరీ

ఎందుకు పెట్టుకున్నానంటే

నెల్లూరు దగ్గర కొత్తకోడూరు దాటాక మా రొయ్యల గుంటల దాకా పోయే దారిలో తారు కొంతే, మిగతాదంతా ఇసుక. టైర్లలో రోడ్డుకు పెట్టుకునే 30 పీఎస్‌ఐ గాలి అట్లాగే ఉంచుకుని దిగితే, ఫోర్ వీల్ వేసినా నా మహీంద్రా థార్ జీపు ఇరుసు దాకా దిగబడుతుంది. 16కు దించుకుంటే అదే బండి అదే ఇసుకలో ఇంజన్ ముక్కకుండా పోతుంది. గాలి తగ్గిన టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. బరువు ఎక్కువ చోటికి పంచుకోవడంతో టైరు ఇసుకను తవ్వకుండా పైపైన నడుస్తుంది.

గాలి తీయడం ఎవరికైనా చేతనవును. మళ్ళీ ఎక్కించేది ఎట్లా అన్నదే ప్రశ్న. 16తోనే తారు రోడ్డెక్కి నెల్లూరు దాకా వేగంగా వస్తే టైరు పక్కగోడలు వంగి వంగి వేడెక్కుతాయి, లోపలి పోగులు దెబ్బతింటాయి. అట్లా పాడైన టైరు బయటికి బాగానే కనిపిస్తుంది, తర్వాత ఏదో ఒకరోజు హైవే మీద పేలుతుంది. దగ్గర్లో ఉన్న పంక్చర్ షాపు మనకు కావలసినప్పుడు తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకే ఈ దారిలో తిరిగేవాళ్ళు చాలామంది గాలి తీయనే తీయరు. ఇరుక్కుంటారు, ట్రాక్టర్ కోసం ఫోన్ చేస్తారు, రెండు గంటలు ఎండలో నిలబడతారు.

సిగరెట్ సాకెట్‌కు పెట్టుకునే చిన్న పంపు కారుకు సరిపోతుంది. ఆ సాకెట్ 10, 15 ఆంపియర్లకు మించి ఇవ్వదు. ఈ సైజు టైర్లు నాలుగూ నింపేలోపు ఆ పంపు వేడెక్కి ఆగిపోతుంది. బండిలోనే శాశ్వతంగా బిగించి, నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు తీసుకునే కంప్రెసర్ కావాలి. తెప్పించాను. నేమ్‌ప్లేట్ మీద ఉన్నవి ఇవీ: 12 వోల్టులు, గరిష్ఠంగా 30 ఆంపియర్లు, 150 పీఎస్‌ఐ, ఎదురు ఒత్తిడి లేనప్పుడు నిమిషానికి 60 లీటర్ల గాలి, డ్యూటీ సైకిల్ 33 శాతం.

బిగించే ముందు వేసుకున్న లెక్క

నా బండి పాత మోడల్ సీఆర్‌డీఈ (డీజిల్) థార్. టైర్లు 235/70 ఆర్16. ఈ టైరు లోపలి ఖాళీ సుమారు 50 లీటర్లు ఉంటుంది. 16 నుంచి 30 పీఎస్‌ఐకి తేవాలంటే 14 పీఎస్‌ఐ పెరగాలి. అంటే దాదాపు ఒక వాతావరణ పీడనం. కాబట్టి ఒక్కో టైరుకు బయటి గాలి 50 లీటర్లకు కాస్త అటూఇటూగా లోపలికి తోయాలి. ఒత్తిడికి ఎదురు తోసేటప్పుడు కంప్రెసర్ ఇచ్చే గాలి తగ్గుతుంది. నిమిషానికి 40, 45 లీటర్లు అనుకున్నా టైరుకు నిమిషం పైచిలుకు. నాలుగు టైర్లకు, గొట్టం మార్చుకునే టైముతో కలిపి, ఆరేడు నిమిషాలు.

డ్యూటీ సైకిల్ 33 శాతం అంటే పది నిమిషాలు నడిస్తే ఇరవై నిమిషాలు ఆపాలి. ఈ అంకెను చాలా కంపెనీలు 100 పీఎస్‌ఐ దగ్గర, 22 డిగ్రీల చల్లటి గాలిలో కొలిచి వేస్తాయి. మన పని 30 పీఎస్‌ఐ లోపే కాబట్టి మోటారు మీద భారం తక్కువ. కానీ మే నెలలో నెల్లూరు ఎండ 40 దాటుతుంది. ఆ రెండూ ఒకదానికొకటి చెల్లు అని లెక్కవేసుకుని, ఏకబిగిన పది నిమిషాలు దాటించకూడదన్న నియమం పెట్టుకున్నాను.

ట్యాంకు పెట్టమని మా బావ గట్టిగా చెప్పాడు. "ట్యాంకుంటే బుస్సుమని ఎక్కుద్ది బావా" అన్నాడు. లెక్క కాగితం మీద వేసి చూపించాను. 4 లీటర్ల ట్యాంకును 8 బార్ (ఒక బార్ అంటే దాదాపు ఒక వాతావరణ పీడనం) దాకా నింపి 2 బార్ దాకా వాడుకుంటే బయటికొచ్చేది 24 లీటర్ల గాలి. అది సగం టైరుకు కూడా చాలదు. ఆ తర్వాత ట్యాంకును నింపే పని కూడా కంప్రెసర్ మీదే పడుతుంది. ఎయిర్ గన్ వాడేవాళ్ళకు, రిమ్ము నుంచి ఊడిన టైరును మళ్ళీ కూర్చోబెట్టాలనుకునేవాళ్ళకు ట్యాంకు అవసరమే, ఎందుకంటే అక్కడ ఒక్కసారిగా గాలి కావాలి. టైర్లు నింపుకోవడానికి అక్కరలేదు. పైగా సముద్రపు గాలిలో తేమ ఎక్కువ. ఆ గాలిని నొక్కితే నీళ్ళు దిగుతాయి, అవి ట్యాంకు అడుగున చేరి తుప్పు పట్టిస్తాయి. ఎప్పటికప్పుడు కింద కాక్ తిప్పి వదలాలి. నాకు ఆ పని వద్దనిపించింది.

ఎక్కడ పెట్టాలి

ఇంజన్ పక్కన పెడితే బ్యాటరీ దగ్గర, వైరు కలిసొస్తుంది. చాలామంది అక్కడే పెడతారు. నాకు రెండు అభ్యంతరాలు. డీజిల్ ఇంజన్ వేడి మీద కంప్రెసర్ వేడి కలిస్తే అది పీల్చుకునే గాలే వేడిగా ఉంటుంది. రెండోది, గుంటల గట్టు మీద ఉప్పునీళ్ళ మడుగులు దాటేటప్పుడు బానెట్ కిందికి ఎగజిమ్మే నీళ్ళు. ఉప్పునీళ్ళు ఒకసారి మోటారు బేరింగులోకి పోతే ఇక దాని ఆయుష్షు రోజుల్లోనే.

డ్రైవరు పక్క సీటు కింద చోటు చూశాను. కంప్రెసర్ కొలతలతో అట్టపెట్టె కత్తిరించి, అతికించి, సీటు కింద దోపి, సీటును ముందుకీ వెనక్కీ జరిపి చూశాను. మా బావను కూర్చోబెట్టి కూడా చూశాను, ఆయన బరువుకు స్ప్రింగు ఎంత కిందికొస్తుందో తెలియాలి గదా. పైన రెండు వేళ్ళ ఎడం మిగిలింది. గాలి ఆడడానికి అది చాలు. శబ్దం లోపలికి వస్తుంది, కానీ నింపేటప్పుడు మనం ఎటూ బండి బయటే ఉంటాం.

బ్రాకెట్ ఆటోనగర్‌లో చేయించాను. 5 మిల్లీమీటర్ల ఇనప రేకు, రెండు పక్కలా వంచి, అడుగున నాలుగు రబ్బరు బుష్షులు. వెల్డింగ్ భాయ్ రేకు వంచాక దాన్ని చేత్తో పట్టుకుని కాసేపు చూసి, "అన్నా, దీన్ని ఫ్లోరుకు వెల్డింగ్ కొట్టమాక. కింద రంగు కాలిపోద్ది, ఇంక ఆ ఉప్పు గాలికి ఆడ నుంచే తింటది. బోల్టులే పెట్టు" అన్నాడు. ఆయన మాట ప్రకారం స్టీలు బోల్టులు, పెద్ద వాషర్లు, నైలాక్ నట్లు వాడాను. ఫ్లోరుకు వేసిన రంధ్రాల అంచులకు జింకు ప్రైమర్ రెండు చేతులు పూశాను. కింద నుంచి సిలికాన్.

వైరు దగ్గర తొందర పనికిరాదు

ఈ ప్రాజెక్టులో నేను ఎక్కువ టైము పెట్టింది దీని మీదే. కంప్రెసర్ ఎంత మంచిదైనా, దాని దాకా పూర్తి వోల్టేజి పోకపోతే అది సగం పనే చేస్తుంది. బజారులో అందరూ కంప్రెసర్ బ్రాండు గురించి గంటలు మాట్లాడతారు. వైరు గురించి అడిగితే "ఏదో ఒకటి వెయ్యి" అంటారు.

రాగికి ఒక లెక్క ఉంది. ఒక చదరపు మిల్లీమీటరు మందం, ఒక మీటరు పొడవు రాగి తీగకు నిరోధం సుమారు 0.0172 ఓమ్. నా బండిలో బ్యాటరీ నుంచి సీటు కిందికి రెండున్నర మీటర్లు, తిరిగి ఎర్త్ వైరు మరో రెండున్నర, మొత్తం 5 మీటర్లు. 28 ఆంపియర్లు పారుతుంటే 2.5 స్క్వేర్ ఎంఎం వైరులో దాదాపు ఒక వోల్టు అక్కడే పోతుంది. 4 వేస్తే 0.6 వోల్టు. 10 వేస్తే 0.24. ఒక వోల్టు పోతే పోనీ అనుకోవద్దు. 28 ఆంపియర్లతో గుణిస్తే 27 వాట్ల వేడి, కార్పెట్ కింద, కనపడని చోట పుడుతుంటుంది. మోటారేమో నిదానించి ఎక్కువసేపు తిరుగుతుంది, అదీ వేడెక్కుతుంది. అందుకే 10 స్క్వేర్ ఎంఎం తీసుకున్నాను.

తీసుకునేటప్పుడు జాగ్రత్త. కారు సౌండ్ సిస్టమ్ కోసం అమ్మే లావుపాటి ఎర్ర వైర్లలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత ఉంటుంది. కౌంటరు మీదే ఒక పోగు బయటికి లాగి బ్లేడుతో గీరాను. పైన ఎర్రగా ఉన్న పోగు గీరినచోట తెల్లగా మెరిసింది. అది పక్కన పెట్టించి ఇంకో చుట్ట తీయించాను. దాన్ని ఎంత గీరినా లోపల కూడా ఎర్రగానే ఉంది. అల్యూమినియం వైరుకు నిరోధం రాగికంటే ఒకటిన్నర రెట్లు ఉంటుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది, రాగి లగ్గులో (వైరు చివర తొడిగి నొక్కే ముక్క) అల్యూమినియం పోగులు, వాటికి తోడు ఉప్పు తేమ: ఈ మూడూ కలిస్తే లోపల తెల్లటి పొడి పట్టి జాయింటు వదులవుతుంది. తూకంలో కూడా తెలుస్తుంది, రాగి చుట్ట చేతికి బరువుగా తగులుతుంది.

జాయింట్ల పని గుంటల దగ్గర నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ మోటార్లు చూసే ఎలక్ట్రీషియన్ తమ్ముడి చేత చేయించాను. కార్ల వైరింగ్ చేసేవాళ్ళు ఊళ్ళో ఎంతోమంది ఉన్నా ఆ తమ్ముడినే పిలిచాను. ఉప్పునీళ్ళ మధ్య, రేయింబవళ్ళు తిరిగే మోటార్ల కనెక్షన్లు నిలబెట్టడం అతనికి రోజూ ఉండే పని. ఒక జాయింటు పోయి ఏరేటర్ ఆగితే తెల్లారేసరికి గుంటలో ఆక్సిజన్ పడిపోయి పంట మొత్తం పోయే ప్రమాదం ఉంది కాబట్టి అతని చెయ్యి అలసత్వం ఎరగదు.

అతను సోల్డరింగ్ వద్దన్నాడు. "అదురుకు సోల్డర్ అయిపోయినకాడ పోగులు పుటుక్కున తెగతయ్యన్నా" అన్నాడు. లగ్గు లోపలికి వైరును చివరిదాకా తోసి, హైడ్రాలిక్ టూల్‌తో రెండుచోట్ల నొక్కాడు. నొక్కిన తర్వాత లగ్గును వైస్‌లో బిగించి వైరును కాలితో తన్ని పట్టి లాగాడు. కదల్లేదు. పైన లోపలివైపు జిగురున్న హీట్ స్లీవ్ తొడిగి వేడి చేస్తే, స్లీవ్ ముడుచుకుంటూ రెండు అంచుల నుంచి తేనెరంగు జిగురు సన్నగా బయటికి వచ్చింది. ఆ జిగురు అంచు చుట్టూ పూర్తిగా వచ్చిందో లేదో టార్చి వేసి చూశాడు. ఒకచోట రాలేదని మళ్ళీ వేడి చేశాడు. నీళ్ళు లోపలికి పోకుండా ఆపేది ఆ జిగురే. మామూలు స్లీవ్ వేస్తే పైకి అందంగా ఉంటుంది, లోపలికి తేమ మాత్రం దూరుతుంది.

ఎర్త్ వైరును కూడా బాడీకి కట్టకుండా బ్యాటరీ నెగెటివ్ దాకా తీసుకెళ్ళాను. తీరం దగ్గర తిరిగే పాత బండిలో బాడీ ఎర్త్ పాయింట్లను నమ్మలేం. రంగు కింద తుప్పు పట్టి ఉంటే 0.2 ఆంపియర్ దీపానికి చాలిన ఎర్త్, 28 ఆంపియర్ల మోటారుకు చాలదు.

ఫ్యూజు, రిలే, స్విచ్

ఫ్యూజు ఉన్నది వైరును కాపాడడానికి. కంప్రెసర్‌ను కాపాడడానికి అనుకుని కొంతమంది దాన్ని తీసుకెళ్ళి కంప్రెసర్ పక్కన పెడతారు. అప్పుడు బ్యాటరీ నుంచి అక్కడిదాకా వైరుకు దిక్కులేదు. ఫైర్‌వాల్ రేకు అంచుకు ఇన్సులేషన్ ఒరుసుకుంటే బ్యాటరీ వందల ఆంపియర్లు అందులోకి తోస్తుంది, వైరు ఎర్రగా కాలుతుంది. అందుకే 40 ఆంపియర్ల ఫ్యూజు, నీళ్ళు దూరని హోల్డర్‌లో, బ్యాటరీ పాజిటివ్ నుంచి జానెడు దూరంలో పెట్టాను. వైరు ఫైర్‌వాల్ దాటేచోట రబ్బరు గ్రోమెట్, దాని మీద గరుకు పైపు తొడుగు, అరడుగుకొక క్లిప్పు.

రిలే అంటే చిన్న స్విచ్ కరెంటుతో మోటారు పెద్ద కరెంటును ఆన్ ఆఫ్ చేసేది. నాది 70 ఆంపియర్లది. మామూలు హారన్ రిలే మీద 40 అని రాసి ఉన్నా, మోటారు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు నడిచేటప్పటికంటే చాలా ఎక్కువ. ఆ దెబ్బకు చిన్న రిలే కాంటాక్టులు కొన్నాళ్ళకు అతుక్కుపోతాయి. అతుక్కుంటే స్విచ్ ఆపినా కంప్రెసర్ ఆగదు. కనెక్షన్ మామూలే: 30 నంబరు పిన్నుకు ఫ్యూజు నుంచి వచ్చే వైరు, 87 నుంచి మోటారుకు, 85 ఎర్త్‌కు, 86కు స్విచ్ నుంచి వచ్చే సన్న వైరు. కాయిల్ తీసుకునేది 0.2 ఆంపియర్ లోపే కాబట్టి డాష్‌బోర్డు స్విచ్‌కు 0.75 స్క్వేర్ ఎంఎం వైరు చాలు.

ఆ సన్న వైరును ఇగ్నిషన్ ఆన్‌లో ఉన్నప్పుడే కరెంటు వచ్చే ఫ్యూజు నుంచి తీసుకున్నాను. తాళం తీస్తే కంప్రెసర్ నడవదు. పిల్లలు స్విచ్ నొక్కినా బ్యాటరీ పోదు. ప్రెషర్ స్విచ్‌ను కూడా ఈ సన్న వైరులోనే, డాష్ స్విచ్ తర్వాత కలిపాను. 145 పీఎస్‌ఐ దగ్గర అది తెరుచుకుంటే రిలే పడిపోతుంది, మోటారు ఆగుతుంది. 110కి దిగితే మళ్ళీ మొదలు. మోటారు కరెంటు మొత్తాన్ని ప్రెషర్ స్విచ్ గుండా పంపితే దాని చిన్న కాంటాక్టులు ఎక్కువకాలం బతకవు.

గాలి పైపు

ఇక్కడ ఒక మర చిక్కు వచ్చింది. కంప్రెసర్ విదేశీ మార్కెట్ కోసం చేసినది కావడంతో మర ఎన్‌పీటీ (అమెరికా పద్ధతి). మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే ఫిట్టింగులన్నీ బీఎస్‌పీ (బ్రిటిష్ పద్ధతి). పావు అంగుళం సైజులో ఒకదానికి అంగుళానికి 18 మరలు, ఇంకోదానికి 19. మర కోణం కూడా వేరు, అక్కడ 60 డిగ్రీలు, ఇక్కడ 55. రెండు మూడు చుట్లు తిరుగుతుంది, తర్వాత బిగుసుకుంటుంది, సరిపోయిందనిపిస్తుంది. టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా కొన్నాళ్ళకు లీకవుతుంది. గట్టిగా తిప్పితే అల్యూమినియం హెడ్ మరలు చెడతాయి. ఒకవైపు ఎన్‌పీటీ, ఇంకోవైపు బీఎస్‌పీ ఉన్న ఇత్తడి అడాప్టర్ చెన్నై నుంచి తెప్పించాను. అక్కణ్ణుంచి అంతా లోకల్ సామానే.

హెడ్ నుంచి బయటికొచ్చే గాలి చాలా వేడిగా ఉంటుంది. నేరుగా పీయూ (ఒకరకం ప్లాస్టిక్) పైపు తగిలిస్తే మెత్తబడి ఊడుతుంది. కాబట్టి మొదటి అరమీటరు స్టీలు అల్లిక ఉన్న టెఫ్లాన్ గొట్టం, దాని తర్వాత ఇత్తడి బ్లాకు. బ్లాకు మీద ప్రెషర్ స్విచ్, 175 పీఎస్‌ఐ సేఫ్టీ వాల్వు, టైరు గొట్టం తగిలించే క్విక్ కప్లర్. ట్యాంకు లేని ఏర్పాటులో చిన్న లీకు కూడా పెద్ద విషయమే. నిల్వ ఉండే గాలి కొంచెమే కాబట్టి అది కారగానే మోటారు మాటిమాటికీ ఆన్ ఆఫ్ అవుతుంది. సబ్బు నురగ పూసి ప్రతి జాయింటూ చూశాను. కప్లర్ మెడ దగ్గర ఆవగింజంత బుడగ ఒకటి నిదానంగా ఉబ్బి, పగిలి, మళ్ళీ ఉబ్బుతూ కనిపించింది. కప్లర్ లోపలి రబ్బరు రింగు నాసిరకం. మంచి రింగు వేశాక పావుగంట ఆగి చూసినా గేజి ముల్లు కదల్లేదు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14.2 వోల్టులు. గొట్టం తెరిచి ఉంచి స్విచ్ వేస్తే టంగ్ టెస్టర్ 19 ఆంపియర్లు చూపించింది. టైరు 30కి చేరేటప్పటికి 23. కప్లర్ మూసి, ఆగే ముందు చివరి క్షణంలో 28. ఆ 28 దగ్గర కంప్రెసర్ టెర్మినళ్ళ మీద 13.8 వోల్టులు. అంటే దారిలో పోయింది 0.4 మాత్రమే. వైరు లెక్క 0.24, మిగిలింది ఫ్యూజు, రిలే, లగ్గులది. మల్టీమీటరులో ఆ అంకె చూసినప్పుడు కలిగిన సంతోషం, కంప్రెసర్ పెట్టె తెరిచినప్పటి సంతోషంకంటే ఎక్కువ.

తర్వాత చేత్తో తడిమి చూశాను. ఫ్యూజు హోల్డరు గోరువెచ్చన, లగ్గులు చల్లగా ఉన్నాయి. ఏ జాయింటైనా వేడిగా తగిలితే అక్కడ పని సరిగా కానట్టే.

ఇసుకలో

కొత్తకోడూరు దారిలో తారు అయిపోయేచోట నాలుగు టైర్లూ 16కు దించి గుంటల దాకా వెళ్ళాం. మధ్యలో మెత్తగా ఉన్నచోట కూడా యాక్సిలరేటర్ పెంచాల్సిన అవసరం రాలేదు. స్టీరింగ్ మెల్లగా తిప్పాలి, ఒక్కసారిగా కోస్తే తక్కువ గాలిలో టైరు రిమ్ము నుంచి జారే అవకాశం ఉంది. అలల ఒడ్డు వైపు మాత్రం బండి దించలేదు. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ గూళ్ళు పైకి కనపడవు. దయచేసి ఎవరూ ఆ వైపు దించవద్దు, ఏ నెలలోనైనా సరే.

తిరుగు ప్రయాణంలో తారు రోడ్డు పక్కన ఆపి నింపాను. లెక్క వేసినట్టే టైరుకు నిమిషం దాటింది, మొత్తం పని ఏడు నిమిషాల లోపే అయింది. కంప్రెసర్ హెడ్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి, అది మామూలే. మేం నింపుతుంటే మేత బస్తాలు వేసుకొచ్చిన ట్రాలీ ఆటో అతను ఆగి, "అన్నా, కాస్త మాకూ కొట్టవా" అన్నాడు. అతని వెనక టైరు మరీ దిగిపోయి ఉంది. కంప్రెసర్‌కు ఇరవై నిమిషాలు విశ్రాంతి ఇచ్చి, ఆ టైరు కూడా నింపి పంపాం. నింపిన వెంటనే గేజి చూపే అంకె టైరు వేడి వల్ల కాస్త ఎక్కువ ఉంటుంది. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ చూస్తే రెండు పీఎస్‌ఐ తక్కువ ఉంది, సరిచేశాను.

ఉదయగిరి వైపు వెలిగొండ రాళ్ళ దారికి 16 పనికిరాదు, పక్కగోడ రాయికి కోసుకుంటుంది. అక్కడ 22 దగ్గర ఆపుతున్నాను.

ఇంకా మిగిలిన పని

వెనక బంపర్ దగ్గర ఇంకో కప్లర్ పెట్టాలి. ఇప్పుడున్న గొట్టం వెనక టైర్ల దాకా అందుతుంది గానీ బండి కింద నేల మీద ఈడ్చుకుపోతోంది. బ్లాకు నుంచి చాసిస్ వెంబడి 8 మిల్లీమీటర్ల పీయూ పైపు తీసుకెళ్ళాలనుకుంటున్నాను, సైలెన్సర్ లేని వైపు నుంచి. ఎయిర్ ఫిల్టరు స్పాంజి మొదటి ఇసుక ప్రయాణానికే బూడిదరంగు తిరిగింది. కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టి పెట్టాను, ఇంకొకటి అదనంగా తెప్పించి టూల్ బాక్సులో వేశాను. వానలు మొదలయ్యేలోపు లగ్గులన్నీ ఒకసారి విప్పి, గ్రీజు రాసి, బ్యాటరీ టెర్మినళ్ళు బిగించాలి. ఎలక్ట్రీషియన్ తమ్ముడు గుంటల్లో పట్టుబడి అయ్యాక వస్తానన్నాడు.